కోపమొచ్చిన సామాన్యుడు.. మూడు భాషల్లో!

రమణ నుంచి విచారణ దాకా సరిహద్దు ప్రేక్షకుడు చూసిన సినిమాలు

హోసూరు: మా వైపు సినిమాకు పోయేవాళ్లు భాష చూసి టికెట్టు కొనరు. బస్టాండులో పోస్టరు తమిళంలో ఉంటుంది. బాగలూరు దాటి కాస్త ముందుకెళితే కన్నడం మొదలవుతుంది. బేరికె నుంచి, తళి నుంచి వచ్చి క్యూలో నిలబడేవాళ్లలో సగం మంది ఇంట్లో మాట్లాడేది తెలుగు. అందుకే ఒకే కథను మూడుసార్లు చూసి మూడుసార్లూ ఈల వేసిన ఘనత మనకే దక్కుతుంది. 2002 దీపావళికి విజయకాంత్ 'రమణ' వచ్చింది. మరుసటి ఏడు అదే కథతో చిరంజీవి 'ఠాగూర్'. 2005లో కన్నడంలో విష్ణువర్ధన్ 'విష్ణుసేన'. హీరో ఎవరైనా జనం ఎదురుచూసింది ఆస్పత్రి సీను కోసమే. అప్పటికే చనిపోయిన మనిషిని పెద్ద ఆస్పత్రికి తీసుకెళితే, డాక్టర్లు ఆ శవానికే వైద్యం చేస్తున్నట్టు నటించి బిల్లు మీద బిల్లు వేస్తారు. చివర్లో హీరో మరణ ధ్రువీకరణ పత్రం తీసి చూపిస్తాడు. హాలు దద్దరిల్లిపోయేది. ఆస్పత్రి బిల్లు చూసి గుండె ఝల్లుమనని ఇల్లు ఈ మూడు రాష్ట్రాల్లో ఎక్కడుంది గనక!

అయితే ఆ కథలో హీరో నిజానికి సామాన్యుడేం కాదు. ఆయన ప్రొఫెసరు. ఆయన ఒక మాట చెబితే ప్రాణమిచ్చే శిష్యులు ప్రతి ఆఫీసులో ఉంటారు. 1996లో వచ్చిన 'భారతీయుడు'లో సేనాపతి స్వాతంత్ర్య సమరయోధుడు, మర్మ కళ తెలిసినవాడు. కాలిన గాయాలతో ఆస్పత్రిలో చేరిన కూతురు, లంచం ఇవ్వనందుకు కళ్ల ముందే పోతుంది. 2005 నాటి 'అపరిచితుడు'లో అంబి రూల్సు తప్పని లాయరు. వాన నీళ్లలో కరెంటు తీగ పడి చెల్లెలు చనిపోయిన దిగులు అతడి లోపల ఇంకో మనిషిని పుట్టించి, గరుడ పురాణం ప్రకారం శిక్షలు వేయిస్తుంది. మూడూ బాగా ఆడిన సినిమాలే. కానీ తాలూకా ఆఫీసులో పట్టా కోసం ఆరు నెలలు తిరిగినవాడికి మర్మ కళ రాదు. వాడికొచ్చే కోపం ఇంటికొచ్చి కంచం విసిరేయడంతో సరి.

ఈ విషయంలో అమెరికావాళ్ల సినిమా ఒకటి గుర్తొస్తుంది. 1993లో జోయెల్ షుమాకర్ తీసిన 'ఫాలింగ్ డౌన్'. ఉద్యోగం పోయిన ఇంజనీరుగా మైకేల్ డగ్లస్ వేశాడు. ఎండ మండే రోజున లాస్ ఏంజెలెస్ ట్రాఫిక్ జామ్‌లో కారును నడిరోడ్డు మీదే వదిలేసి కూతురి పుట్టినరోజుకని నడక మొదలుపెడతాడు. కూల్‌డ్రింక్ ధర ఎక్కువని ఒకచోట, టిఫిన్ వేళ దాటిపోయిందన్నారని ఇంకోచోట గొడవ. పోను పోను చేతిలోకి తుపాకులొస్తాయి. మొదట్లో మనం అతడి పక్షమే. చివరికి పోలీసు ఎదురు నిలిచినప్పుడు మాత్రం, ఇంతసేపూ చెడ్డవాణ్ని నేనేనా అని ఆశ్చర్యపోతాడు. మన దర్శకులు హీరో నోట ఆ ప్రశ్న అనిపించరు. అనిపిస్తే ఈలలు ఆగిపోతాయి మరి.

గొడ్డలికి ముందు

తెలుగులో ఈ వరస సినిమాలకు పెద్దదిక్కు 1985లో టి.కృష్ణ తీసిన 'ప్రతిఘటన'. ఝాన్సీ అనే లెక్చరరు కళ్లెదుట ఒక పోలీసు అధికారిని రౌడీ కాళి నరికేస్తాడు. చూసినోళ్లు చాలామందే ఉన్నా సాక్ష్యం చెబుతానన్నది ఆమె ఒక్కతే. దానికి శిక్షగా నడివీధిలో బట్టలు ఊడదీస్తారు. చివర్లో సభలో దండ వేసి గొడ్డలితో నరికే సీను అందరికీ గుర్తే. నాకు మాత్రం అంతకన్నా గట్టిగా గుర్తుండేది క్లాసు రూము. అవమానం జరిగాక పాఠం చెప్పడానికి వెళ్లిన ఆమెను సొంత విద్యార్థులే ఎగతాళి చేస్తారు. అక్కడ వేటూరి పాట, జానకి గొంతు. మనిషి సహనం తెగేది రౌడీ కొట్టినప్పుడు కాదు, మనవాళ్లనుకున్నవాళ్లు నవ్వినప్పుడు అని ఆ సీను చూస్తే తెలుస్తుంది. ఇంకో సంగతి: తెలుగువాళ్లను అంతగా భయపెట్టిన కాళి చరణ్‌రాజ్ బెళగావి మనిషి. 'ప్రతిఘాత్' పేరుతో 1987లో హిందీలో తీసినప్పుడు కూడా ఆ వేషం ఆయనదే.

చీటీ కంపెనీలో డబ్బు పోగొట్టుకున్నవాళ్లు 1994 నాటి కమల్‌హాసన్ 'మహానది' చూడలేరు. పల్లెలో గౌరవంగా బతికే కృష్ణస్వామి పట్నం ఆశతో చిట్‌ఫండ్‌లో దిగి మోసపోతాడు, చేయని నేరానికి జైలుకెళతాడు. తిరిగొచ్చేసరికి ఇల్లు చెదిరిపోయి ఉంటుంది. వెతుక్కుంటూ పోతే కూతురు కలకత్తా సోనాగాచిలో కనబడుతుంది. ఆ పిల్లను తండ్రితో పంపడానికి అక్కడి ఆడవాళ్లే అడ్డం పడి సాయం చేస్తారు. ఆ తర్వాత అతడు చట్టాన్ని చేతుల్లోకి తీసుకుంటే ప్రేక్షకుడు ఈల వేయడు, ఊపిరి పీల్చుకుంటాడంతే. మా ఇంట్లో ఈ సినిమా టీవీలో వస్తే అమ్మ ఛానల్ మార్చేస్తుంది.

చోముడూ, వెంకయ్యా ఒక్కడే

అందరూ గొడ్డలి పట్టరు. 1975లో బి.వి.కారంత్ తీసిన కన్నడ సినిమా 'చోమన దుడి' ఉంది. శివరామ కారంత్ నవల. దళితుడైన చోముడి దగ్గర ఎద్దుల జత ఉంది, దున్నుకోవడానికి సెంటు భూమి లేదు, ఆ కులంవాడికి భూమి ఇవ్వరు. అప్పు తీర్చడానికి తోటల్లోకి పంపిన పిల్లలు ఒక్కొక్కరూ చేజారిపోతారు. ఏట్లో మునిగిపోతున్న కొడుకును అంటరానివాడని ఎవరూ ముట్టుకోరు. చోముడు ఎవరినీ కొట్టడు. ఉన్న కోపమంతా దుడి మీదే, అంటే డప్పు మీదే. వాయిస్తూ వాయిస్తూ ప్రాణం వదులుతాడు. ఆ వేషం వేసిన ఎం.వి.వాసుదేవరావుకు ఆ ఏడు జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది, సినిమాకు స్వర్ణకమలం వచ్చింది.

ఆ వాసుదేవరావునే బెంగాలీ దర్శకుడు మృణాల్ సేన్ 1977లో తెలుగుకు తెచ్చాడు. సినిమా 'ఒక ఊరి కథ', మూలం ప్రేమ్‌చంద్ 'కఫన్'. ఇందులో ఆయన వెంకయ్య. పని చేస్తే బాగుపడేది దొరే గదా, నేనెందుకు చేయాలి అని పని మానేసిన మనిషి. ఊరు సోమరిపోతంటుంది. కోడలు పురిటి నొప్పులతో అల్లాడుతున్నా ఆ మొండితనం కరగదు. అతణ్ని ప్రేమించలేం, అలాగని అతడి లెక్క తప్పని చెప్పలేం. ఒకే మనిషి కన్నడంలో భూమి కోసం ఏడ్చి, రెండేళ్లకు తెలుగులో ఆ భూమి మీద పనినే కాదన్నాడు. ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి చూడాల్సిన సినిమాలు.

గుంటూరు లాకప్పులో తమిళ కుర్రాళ్లు

ఇక వెట్రిమారన్ 'విసారణై'. 2015లో వెనిస్ ఉత్సవంలో చూపించి, 2016 ఫిబ్రవరిలో విడుదల చేశారు. ఆ ఏడు ఆస్కార్‌కు భారత్ పంపింది దీన్నే. తెలుగులో 'విచారణ'. మొదటి సగానికి మూలం కోయంబత్తూరు ఆటో డ్రైవరు ఎం.చంద్రకుమార్ రాసిన 'లాకప్' నవల. 1980ల్లో గుంటూరులో కూలికి వెళ్లి, పోలీసుల చేతిలో తాను పడిన పాట్లే ఆయన రాశాడు.

సినిమాలో పనికోసం గుంటూరు వచ్చి పార్కులో పడుకునే తమిళ కుర్రాళ్లను పోలీసులు ఎత్తుకెళతారు. ఒక పెద్దింటి దొంగతనం కేసు మూసేయాలి, ఒప్పుకోవాలి, అంతే. తంతున్నదెందుకో వాళ్లకు తెలీదు, అడుగుతున్నదేమిటో అర్థం కాదు. పోలీసుల తెలుగును దర్శకుడు తెలుగుగానే ఉంచాడు. తమిళ ప్రేక్షకుడికి అవి వట్టి అరుపులు. ఇక్కడ కూర్చున్న మనకు ప్రతి తిట్టూ అర్థమవుతుంది. అది మన ఇంటి భాష, తన్నులు తింటున్నది మన వీధి మనుషులు. పైగా 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో ఎర్రచందనం పేరుతో 20 మంది తమిళ కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. వాళ్లలో పక్కనున్న ధర్మపురి జిల్లావాళ్లూ ఉన్నారు.

గుంటూరు కోర్టులో జడ్జికి తమిళం రాదు, కుర్రాళ్లకు తెలుగు రాదు. వేరే పని మీద వచ్చిన తమిళ పోలీసు అధికారి నిలబడి, వాళ్లు చెప్పింది తెలుగులో చెబుతాడు. రెండు నిమిషాల పని. కేసు ఎగిరిపోతుంది. మన వైపు బ్యాంకుల్లో, ఆస్పత్రుల్లో రోజూ ఎవరో ఒకరం చేసే పనే అది. ఆ వేషానికి సముద్రఖనికి జాతీయ అవార్డు వచ్చింది. కానీ కథ అక్కడితో ఆగదు. ఆ అధికారి వెంట సొంత రాష్ట్రానికి వెళ్లిన కుర్రాళ్లు అక్కడి పోలీసు స్టేషను శుభ్రం చేస్తూ చూడకూడనిది చూస్తారు. ఈసారి పోలీసులు మాట్లాడేది తమిళమే, ప్రతి మాటా అర్థమవుతుంది. అయినా బతకరు.

ఇదే పరిస్థితిలో కోర్టు గడపే పట్టుకున్న ఆడమనిషి కథ 2021లో 'జై భీమ్'గా వచ్చింది. కడలూరు జిల్లాలో 1993 నాటి లాకప్ మరణం, లాయరు చంద్రు పోరాటం. తెలుగులోనూ చూశాం కాబట్టి వివరం అక్కర్లేదు. అక్కడ న్యాయం దొరికింది, ఏళ్లు పట్టినా.

'విసారణై' చూడటానికి నేను తమిళ మిత్రుడితో వెళ్లాను. బయటికొచ్చి టీ తాగుతుంటే, ఆ ఇన్‌స్పెక్టరు మాటిమాటికీ అన్న ఒక మాటకు అర్థమేంటి అని అడిగాడు. తెలీదన్నాను.