వయస్సు పైబడిన పనివారి యారోగ్యము

గత సంవత్సరము తల్లిదండ్రుల సభ ముగిసిన పిమ్మట, నేతపని చేయు నొక తండ్రి మమ్ము చూడవచ్చి, మేడమెట్లు ఎక్కలేక క్రిందనే నిలిచిపోయెను. ఆయనకు ఏబదియేండ్లు దాటియుండవచ్చును. మేము దిగిపోయి కుమారుని మార్కులపట్టీ చేతికిచ్చితిమి. ఆయన దానిని చేయి చాచినంత దూరమున పట్టి చూచి, చదువలేక మరల మాకే యిచ్చి, "వయస్సు మీద పడింది గదండీ, మేస్టరుగారూ" అని నవ్వెను. ఈ మాటను మేమును అనేక పర్యాయములు అనియున్నాము. మోకాలు నొచ్చినను వయస్సే, చూపు మందగించినను వయస్సే, ఆయాసము వచ్చినను వయస్సే. అయితే ఆ మనుష్యుడు ముప్పదియేండ్లుగా గుంటమగ్గములో కాళ్లు దించి, పలకలు త్రొక్కుచు, నడుము వంచి పోగులు చూచుచు బ్రదికినవాడు. ఆయన బాధలలో వయస్సు పాలెంత, పని పాలెంత?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ఇటలీదేశపు వైద్యుడగు బెర్నార్డినో రామజ్జినీ 1700లో పనివారి రోగములను గుఱించి యొక గ్రంథము ప్రకటించెను. వైద్యుడు రోగిని అడుగు ప్రశ్నలకు తోడు "నీ వేమి పని చేయుదువు?" అనియు అడుగవలెనని ఆయన బోధించెను. మూడువందల యేండ్లు గడచినను, మా మోకాలు చూచిన వైద్యులలో ఒక్కరైనను మేము దినమునకు ఎన్ని గంటలు నిలుచుందుమని యడుగలేదు.

శరీరము యొక్క సంగతి యిట్లుండును. ముప్పది, నలువది యేండ్లు దాటినది మొదలు కండరముల బలమును, శరీరము ప్రాణవాయువును వినియోగించుకొను శక్తియు కొంచెము కొంచెముగా తఱగుచుండును. పని మాత్రము తఱుగదు. ఇరువదియేండ్లవాడు మోసిన బస్తానే అఱువదియేండ్లవాడును మోయవలెను. బావిలో నీరు ఎప్పటి లోతుననే యుండగా, చేదత్రాడు మాత్రము ఏటేట కురుచయగుచున్నట్లు! పడుచువానికి పని ముగిసిన పిమ్మటను కొంత బలము మిగులును. పెద్దవానికి ఆ మిగులు లేదు. కావున నేటి యలసట రాత్రితో తీఱక రేపటిపై పడును. అట్లు తీఱని యలసట యేండ్ల తరబడి కూడి రోగమగును. ఎండలో పనిచేయు వృద్ధులకు మఱియొక యపాయము కలదు. వారికి చెమట తగినంత పట్టదు, దప్పికయు త్వరగా తెలియదు. దప్పిక కాకున్నను వారికి నీరు ఇచ్చుచుండవలెను.

అట్లయిన కూర్చుండి చేయు పనియే మేలని కొందఱు తలంపవచ్చును. ఈ తలంపును లండను నగరపు బస్సులు సరిదిద్దినవి. జెరీ మోరిస్ అను వైద్యుడు, ఆయన సహచరులును, ఆ నగరములో రెండంతస్తుల బస్సులు నడపు డ్రైవర్లను, టిక్కెట్లిచ్చు కండక్టర్లను పోల్చి 1953లో తమ పరిశోధనను ప్రకటించిరి. డ్రైవరు దినమంతయు కూర్చుండును. కండక్టరు పై యంతస్తునకు ఎక్కుచు దిగుచు దినమునకు అయిదాఱువందల మెట్లు ఎక్కును. ఇరువురును ఒకే బస్సులో, ఒకే వీధులలో తిరుగువారు. అయినను డ్రైవర్లకంటె కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా నుండెను. వచ్చినవారికిని పెద్దవయస్సున, తక్కువ తీవ్రతతో వచ్చుచుండెను. మా విద్యార్థులు ఇక్కడ నొక చిక్కుప్రశ్న వేయవలెను: లావైనవారే డ్రైవరు పనిలో చేరుచుండిరేమో? మోరిస్ తానే ఆ ప్రశ్న వేసికొనెను. 1956లో ఆయన బస్సు పనివారికి కుట్టించిన దుస్తుల కొలతలు తీయించి చూడగా, డ్రైవర్ల నడుము కొలత కండక్టర్లకంటె హెచ్చుగా నుండెను, పడుచువారిలో సయితము. అనగా తేడాలో కొంత పనిలో చేరకముందే యున్నదన్నమాట. తన సిద్ధాంతమునకు అడ్డువచ్చు సంగతిని తానే వెదకి ప్రకటించిన యీ పండితుని నిజాయితీ మాకు ఆయన సిద్ధాంతము కంటెను ఎక్కువ నచ్చినది. నడక, మెట్లు, కదలిక గుండెకు మేలు చేయునని తరువాతి పరిశోధనలు అనేకము స్థిరపఱచినవి.

అదే నగరమున 1967లో ప్రభుత్వ కార్యాలయములలోని పదునేడువేలకు పైగా పురుషోద్యోగులను పరీక్షించిరి. వారిలో దరిద్రులు లేరు, గనులలో దిగువారు లేరు. అందఱును నీడపట్టున పనిచేయువారే. పై యధికారులకు పనిభారము ఎక్కువ గనుక వారే ముందుగా జబ్బుపడుదురని లోకులు అనుకొనుచుండిరి. పదియేండ్ల లెక్క చూడగా, బంట్రోతులు మొదలగు క్రింది తరగతివారిలో మరణములు పై యధికారులకంటె ఇంచుమించు మూడు రెట్లుండెను. పొగత్రాగుట, రక్తపుపోటు మున్నగువానిని లెక్కలోనికి తీసికొన్నను తేడాయంతయు తీఱలేదు. 1985లో మైకేల్ మార్మట్ ఆధ్వర్యమున స్త్రీపురుషులు 10,308 మందితో మరల పరిశోధన మొదలుపెట్టిరి. తన పనిని ఎప్పుడు, ఎట్లు చేయవలెనో నిర్ణయించుకొను స్వాతంత్ర్యము లేనివారిలో గుండెజబ్బు ఎక్కువగా నున్నదని దానివలన తేలెను. మాట వినుటయే తప్ప మాట చెప్పుటకు వీలులేని పని మనుష్యుని లోలోపల తినివేయునని మాకు తోచుచున్నది.

కన్నుల విషయము మన నేతగాండ్రకును, కుట్టుపనివారికిని ముఖ్యము. నలువది దాటిన పిమ్మట వచ్చు చత్వారము రోగము కాదు; దగ్గఱి వస్తువు స్పష్టముగా కనబడకపోవుట మాత్రమే. అస్సాములో నలువదియేండ్లు దాటిన తేయాకు కోతగాండ్రలో కొందఱికి ముందుగాను, కొందఱికి తరువాతను కండ్లద్దములు ఇచ్చి పోల్చి చూచి, ఫలితములను 2018లో ప్రకటించిరి. అద్దములు పొందినవారు కోసిన యాకు అద్దములు లేనివారికంటె నూటికి దాదాపు 22 వంతులు అధికముగా పెరిగెను. పైని చెప్పిన తండ్రికి మేము ఈ సంగతి చెప్పితిమి. అప్పుడాయన యొక మాట బయటపెట్టెను. పోగు తెగినప్పుడెల్ల తనకు కనబడక కుమారుని పిలుచుచుండెనట. బాలుడు పుస్తకము విడిచి పోయి ముడివేసి వచ్చుచుండెనట. గణితములో మార్కులు తగ్గుటకు మేము బాలుని సోమరితనమును నిందించియుంటిమి! ఆ తండ్రి క్రిస్మసు కూటమునకు కండ్లద్దములతో వచ్చెను.

యజమానులు తలచుకొన్నచో ఎంత చేయవచ్చునో జర్మనీదేశమున డింగోల్ఫింగ్ పట్టణములోని బి.ఎం.డబ్ల్యు. మోటారుకార్ల కర్మాగారము చూపినది. 2007లో అక్కడివారు సగటున నలువదియేడేండ్ల వయస్సుగల పనివారితో ఒక విభాగము నడపిరి. ఏమి మార్చవలెనని పనివారినే యడిగిరి. కాళ్ల క్రింద చెక్కనేల, కూర్చుండుటకు పీట, సన్నని భాగములు చూచుటకు భూతద్దము, పెద్ద యక్షరములు, మధ్యమధ్య పని మార్పు, ఇట్టివి డెబ్బది వఱకు మార్పులు చేసిరి. ఖర్చు నలువదివేల యూరోలు మాత్రమే. ఒక సంవత్సరములో ఉత్పత్తి నూటికి ఏడు వంతులు పెరిగెను. మన ప్రక్కనున్న కేరళలో 2018లోను, తమిళనాడులో 2021లోను దుకాణములలో పనిచేయువారికి కూర్చుండు హక్కు నిచ్చుచు చట్టములను సవరించిరి. కూర్చుండుటకు చట్టము కావలసివచ్చినదా యని నవ్వవలదు.

సంఖ్యాకాండము ఎనిమిదవ యధ్యాయమును మన సంఘస్థులు ఎన్నిసారులు చదివియుండిరో! అందు లేవీయులకు ఏబదియేండ్లు వచ్చిన పిమ్మట బరువైన సేవ మాన్పించి, తమ సహోదరులకు తోడుగా నుండు పని నిచ్చిరి. వారిని వెడలగొట్టలేదు, పూర్వపు బరువు మోయింపనులేదు. నేడు ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగుల విరమణ వయస్సు 2014లో 58 నుండి 60కిని, 2022లో 62కిని పెరిగెను. తెలంగాణలో 2021లో 61కి పెరిగెను. ఏండ్లు పెంచుట సులభము. బరువు మార్చుటను గుఱించి యెవరును పలుకుట మేము వినలేదు.

ఇక మా పాఠశాల సంగతి. గంట కొట్టు మా బంట్రోతు దినమునకు ఎనిమిది సారులు మేడ యెక్కును. మెట్లు గుండెకు మేలని పైన వ్రాసితిమి. కాని ఆయన వట్టిచేతులతో ఎక్కుటలేదు, రెండు చేతుల రెండు నీళ్లబిందెలతో ఎక్కుచున్నాడు. పదియేండ్లుగా చూచుచు, మేమా విషయము గమనింపలేదు. ఏమి మార్చవలెనని ఈ సంవత్సరము ఆయననే యడిగితిమి. గంటకు పొడవైన త్రాడును, వరండాలో ఒక ముక్కాలిపీటయు కోరెను. రెండును ఆ వారమే యమర్చితిమి. నీటి సంగతి మిగిలియున్నది. పై యంతస్తునకు గొట్టము వేయింపవలెనని కార్యనిర్వాహక సంఘమువారికి వ్రాసియున్నాము. అంతవఱకు బిందెలు తామే మోయుదుమని పదవ తరగతి బాలురు ముందుకు వచ్చినారు. వారి వంతుల పట్టిక గ్రంథాలయము ప్రక్కన గోడపై నున్నది. అందు సోమవారపు మొదటి పేరు ఆ నేతగాని కుమారునిదే.