కునుకుచు సాగెడు దూరము

మంజీరపై 1931లో పూర్తియైన నిజాంసాగరమునకు చేరువనున్న మహమ్మద్ నగర్‌కు రైలుదారి లేదు. దూరప్రయాణికులు కామారెడ్డికి పోయి బండి ఎక్కవలెను. ఆ కామారెడ్డి మీదుగానే 1830లో ఏనుగుల వీరాస్వామయ్య పల్లకిలో కాశీకి పోయెను. చెన్నపట్టణము తిరిగి చేరుటకు పదునైదు నెలలు పట్టెను. ఆనాటి విలాసశయ్య అదియే. లోపలివారు కునికినను, మోయు బోయీలు కునుకరాదు గదా!

1982లో బయలుదేరిన ‘ప్యాలెస్ ఆన్ వీల్స్’లో పరుపు, భోజనశాల, పరిచారకుడు, అన్నియు అమరినవి. మన రాత్రిబండ్లలోను ఏ.సీ. పెట్టెలవారికి తెల్లని దుప్పట్లిత్తురు. మూడవతరగతి 1974లో రద్దయ్యెను. పోయినది పేరే కాబోలు, జనరల్ పెట్టెలో నేటికిని మూటయే తలగడ. ఇంజనులో మాత్రము డ్రైవరు, సహాయకుడు తెల్లవార్లు ఒక్కొక్క సిగ్నలు రంగును ఒకరికొకరు బిగ్గరగా చెప్పుకొనుచుందురు.