ఆటకు మార్కులు వేయుట యెట్లు?



నేటి ప్రసంగమునకు నే నెన్నుకొనిన విషయము మీకు మొదట వింతగా దోచవచ్చును. బడిలో పెక్కేండ్లు పిల్లల జవాబు పత్రములు దిద్దినవాడను గనుక, ఎవరైనను దేనికైనను మార్కులు వేయుచున్నారని విన్నచో నా మనస్సు వెంటనే అటు మరలును. ఈ కాలమున మన యిండ్లలోని కుఱ్ఱవాండ్రు వీడియో ఆటలాడి, ఆడిన పిమ్మట ఆ యాటలకే మార్కులు వేయుచున్నారు. ఆ మార్కు లెట్లు వేయవలెనో, ఏల జాగ్రత్తతో వేయవలెనో విన్నవించుటయే నేటి నా పని.

వీడియో ఆట యన నేమి? తోలుబొమ్మలాటలో ఆడించువాడు తెరవెనుక నుండి బొమ్మల నాడించును. మనము తెరముందు కూర్చుండి చూతుము. వీడియో ఆటలోను తెర యున్నది, బొమ్మ లున్నవి, తరచుగా కథయు నున్నది. కాని యిందు బొమ్మను నడపించువాడు చూచువాడే. వాని వ్రేళ్ల కదలికను బట్టి బొమ్మ పరుగెత్తును, దుముకును, గెలుచును, ఓడును. ఇట్టి యాటలను సెల్‌ఫోనులోను, కంప్యూటరులోను, టెలివిజనుకు తగిలించు ప్రత్యేక యంత్రములతోడను ఆడుదురు. కొన్ని ఉచితముగా లభించును. కొన్నింటి వెల వేల రూపాయలు.

అంత సొమ్ము పెట్టి కొనువాడు సాధారణముగా ముందుగా ఆడి చూడలేడు. అందుచేత ఆడినవారి మాటను నమ్ముకొనవలసి యుండును. మన తర్కశాస్త్రమున ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములు చెప్పుదురు. మన కన్నులతో చూడని దానిని ఇతరుల మాటవలన తెలిసికొనుట శబ్దప్రమాణము. అయితే ప్రతివాని మాటయు ప్రమాణము కాదు. ఉన్నదానిని ఉన్నట్లు చెప్పు ఆప్తుని మాటయే ప్రమాణము. ఆటగాడు వేయు మార్కు న్యాయాధిపతి తీర్పు కాదు. సాక్షి యిచ్చు వాఙ్మూలము. ఈ యొక్క మాట మనస్సున నిలుపుకొన్నచో తక్కినది సులభము.

మార్కులు వేయు పద్ధతులు పెక్కు గలవు. జపాను దేశమున ఫామిత్సు అను పత్రిక ఒక్కొక్క ఆటను నలుగురిచే పరీక్షింపజేసి, వారు పదేసింటికి వేసిన మార్కులను కూడి నలుబదింటికి లెక్క కట్టును. నలుబదికి నలుబదియు మొట్టమొదట పొందినది 1998 లో వెలువడిన జెల్డా కథలలోని 'ఒకరినా ఆఫ్ టైమ్' అను ఆట. అమెరికాలో 2001 లో ఇంటర్నెట్టున నెలకొన్న మెటాక్రిటిక్ అను సంస్థ పలు పత్రికల విమర్శకుల మార్కులకు సగటు గట్టి నూటికి చూపును. ఆటగాండ్ర మార్కులను వేఱుగా పదింటికి చూపును. కంప్యూటరు ఆటలనమ్ము స్టీమ్ అను అంగడిలో 2013 నుండి ఆటగాండ్రు అభిప్రాయములు వ్రాయుచున్నారు. అచ్చట అంకెలు లేవు. 'ఇతరులకు చెప్పదగినది', 'చెప్పదగనిది' అను రెంటిలో ఒకటి యెన్నుకొనవలెను. గూగుల్ వారి సెల్‌ఫోను అంగడిలో ఒకటి మొదలు అయిదు వఱకు నక్షత్రములు వేయుదురు.

ఇవన్నియు పిల్లచేష్టలని త్రోసివేయరాదు. 2010 లో 'ఫాలౌట్: న్యూ వెగాస్' అను ఆట వెలువడెను. మెటాక్రిటిక్‌లో సగటు 85 వచ్చినచో దానిని నిర్మించిన అబ్సిడియన్ సంస్థకు అదనపు సొమ్ము ముట్టవలసి యుండెననియు, వచ్చినది 84 మాత్రమే గనుక అది ముట్టలేదనియు ఆ నిర్మాతలలో నొకరైన క్రిస్ అవెలోన్ 2012 లో వెల్లడించెను. అవి విమర్శకుల మార్కులే యగును గాని, అంకె యొక్కటి తగ్గిన పనివారి కూటికి ఎంత లోటు వచ్చునో దీనివలన తెలియుచున్నది. ఒక ప్రక్క కొనువాని సొమ్ము, మఱియొక ప్రక్క చేసినవాని శ్రమ: ఈ రెంటి నడుమ నిలిచినవాడు సాక్షి.

అట్టి సాక్షి మొట్టమొదట చెప్పవలసినది తానెంత దూర మాడెనో యనునది. మొదటి పుటలో పద్యము చదివి కావ్యము నంతటిని నిందించువానిని పండితులు మన్నింతురా? స్టీమ్ అంగడిలో ప్రతి యభిప్రాయము ప్రక్కను ఆ వ్యక్తి యెన్ని గంటలాడెనో చూపబడును. ఇది మిక్కిలి మేలైన యేర్పాటు. 2020 జూను 19 న 'ది లాస్ట్ ఆఫ్ అస్' రెండవ భాగము వెలువడెను. ముగించుటకు ఇరువది గంటలకు పైగా పట్టు ఆట యది. వెలువడిన కొన్ని గంటలలోనే మెటాక్రిటిక్‌లో వేలకొలది సున్నలు వచ్చిపడెను. వానికి విరుగుడుగా కొందఱు పదికి పదియు వేసిరి. అంత స్వల్పకాలమున దానిని ముగించుట యసాధ్యము గనుక, ఆ తొలి గంటల సున్నయు పదియు గూడ చూడని సాక్షి పలికిన మాటలే. ఆ తరువాతి నెలలో మెటాక్రిటిక్ వారు క్రొత్త ఆట వెలువడిన పిమ్మట 36 గంటలవఱకు ఆటగాండ్ర మార్కులు స్వీకరింపకుండునట్లు నియమము చేసిరి.

రెండవది, ఏ యంత్రముపై ఆడెనో చెప్పవలెను. ఒకే విత్తనము నల్లరేగడిలో నొకతీరునను, చవిటినేలలో నొకతీరునను మొలచును గదా! 2020 డిసెంబరు 10 న 'సైబర్‌పంక్ 2077' అను ఆట విడుదలయ్యెను. విమర్శకులకు ముందుగా పంపబడినది కంప్యూటరు ప్రతి మాత్రమే, వారు మెచ్చుకొనిరి. కాని పాత ప్లేస్టేషన్ 4 యంత్రముపై కొన్నవారికి ఆట మాటిమాటికి ఆగిపోవుచు, బొమ్మలు చెదరుచు, విసుగు పుట్టించెను. ఆ నెలలోనే సోనీ సంస్థ దానిని తన అంగడినుండి తొలగించి, 2021 జూనులో గాని మరల నుంచలేదు. ఇందు మెచ్చినవారును నిందించినవారును ఉభయులును సత్యమే చెప్పిరి. యంత్రము పేరు చెప్పని సాక్ష్యము మాత్రము కొనువాని నేమార్చును.

మూడవది, ఎప్పుడు ఆడెనో చెప్పవలెను. ఆట మాఱినచో మార్కును దిద్దవలెను. అచ్చయిన పుస్తకము మాఱదు. వీడియో ఆట వెలువడిన పిదపను మాఱుచుండును. 2016 ఆగస్టులో వెలువడిన 'నో మాన్స్ స్కై' అను ఆట, నిర్మాతలు చెప్పిన విశేషములు కొన్ని అందు లేకపోవుటచే స్టీమ్‌లో ఘోరముగా నిందింపబడెను. నిర్మాతలు తప్పించుకొని పోలేదు. ఏండ్ల తరబడి సొమ్ము పుచ్చుకొనకయే క్రొత్త భాగములు చేర్చుచు వచ్చిరి. 2024 లో దాని మొత్తపు గణనము ఎనుబది పాళ్లు మెచ్చుకోలుకు చేరెను. నాటి నింద నాటికి న్యాయమే. కాని దానిని నేటికిని దిద్దక విడుచుట న్యాయము కాదు.

నాలుగవది, ఆటలోని దోషమును, తన శక్తిలోని కొఱతను, తన రుచిని వేఱువేఱుగా చూపవలెను. 2022 లో వచ్చిన 'ఎల్డెన్ రింగ్' కఠినమైన ఆటగా పేరొందినది. 2024 జూనులో దానికి అనుబంధముగా మఱియొక భాగము వచ్చినప్పుడు స్టీమ్‌లో మొదట మిశ్రమాభిప్రాయములు వచ్చెను. శత్రువులు మిక్కిలి బలవంతులని కొందఱు, కంప్యూటరుపై ఆట తడబడుచున్నదని కొందఱు. రెండవది దోషము. మొదటిది కొందఱికి గుణమే! ఏటికి ఎదురీదవలెనని వచ్చినవానికి ప్రవాహము దోషమగునా? కనుక 'ఇది కఠినము, నాకు సరిపడలేదు' అని చెప్పుట సత్యము. 'ఇది చెడ్డది' అనుట వేఱు.

అయిదవది, తన కోపము ఆటకు సంబంధించినదో కాదో విచారింపవలెను. 2024 మే నెలలో 'హెల్‌డైవర్స్ 2' అను ఆటను కంప్యూటరుపై ఆడువారు విధిగా ప్లేస్టేషన్ ఖాతాను కలుపుకొనవలెనని సోనీ సంస్థ ప్రకటించెను. పెక్కు దేశములలో అట్టి ఖాతా తెఱచుటకే వీలులేదు. సొమ్ము పెట్టి కొన్నవారు లక్షకు మించి ప్రతికూలాభిప్రాయములు వ్రాసిరి. కొలదిదినములలో ఆ సంస్థ తన నిబంధనను మానుకొనెను. కొన్న వస్తువు చేజాఱునను భయము ఆటకు సంబంధించినదే గనుక ఆ యార్తి ధర్మమే. అట్లుగాక, నిర్మాతలలో నొకరి యభిప్రాయము గిట్టలేదనియో, పొరుగు దేశముపై కినుకచేతనో ఆటకు సున్న వేయుట, కాపుపై కోపముతో వాని యెద్దును కొట్టుటవంటిది. స్టీమ్ వారు 2019 నుండి ఇట్టి అప్రస్తుతపు దండయాత్రలను గుర్తించి లెక్కలోనుండి తొలగించుచున్నారు.

లంచమును గూర్చియు నొకమాట. అయిదు నక్షత్రములు వేసినచో ఆటలో వాడుకొను నాణెము లిత్తుమని ఆశపెట్టుట గూగుల్ వారి నియమములకు విరుద్ధము. నాణెము బొమ్మదే గాని, దానికై పలికిన యసత్యము బొమ్మది కాదు.

ఇక అంకె మాట. కథకు పది, బొమ్మలకు పది, సంగీతమునకు పది యని భాగములుగా వేసి కూడుట కొందఱి యాచారము. ఇది లెక్కల పత్రమునకు తగును గాని ఆటకు తగదు. 1984 లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ కల్పించిన 'టెట్రిస్' ఆటలో కథ లేదు. పైనుండి పడు ముక్కలను వరుసగా పేర్చుటయే. ఆ లెక్కను కథకు సున్న రావలసియుండును. అయినను లోకమంతయు దాని నాడెను, ఇప్పటికిని ఆడుచున్నది. మన చదరంగమున మాత్రము కథ యేది? ఆట తాను చేయదలచిన పనిని ఎంత చక్కగా చేసినదో చూడవలెను గాని, చేయదలపని పనికి మార్కులు కోయరాదు.

కొలతబద్దను గూడ పూర్తిగా వాడవలెను. నా కాలపు పరీక్షలలో నూటికి 35 వచ్చిన ఉత్తీర్ణుడు, 60 వచ్చిన మొదటి తరగతి. ఆటల లోకమున అట్లు కాదు. మెటాక్రిటిక్ వారు సినిమాకు 61 వచ్చినచో మంచిదను పచ్చరంగు వేయుదురు. ఆటకు 75 రావలెను. ఇట్లు క్రింది అంకెలు పనిలేక యుండి, మంచిచెడ్డలన్నియు పై అంకెలలోనే యిఱుకుకొనుచున్నవి. పదింటికి అయిదనగా నడితరమని, ఏడనగా మంచిదని, తొమ్మిదనగా అరుదైనదని, పది యనగా ఏండ్లతరబడి మరువరానిదని ఆటగాడు తన మనస్సున ముందుగా నిర్ణయించుకొని, అన్ని యాటలకు నదే కొలత పట్టవలెను. అన్నింటికి పదియో సున్నయో వేయువాని చేతిలో కొలతబద్ద లేదు, కఱ్ఱ యున్నది.

పెద్దలారా! మనకు ఆ యాటల పేర్లు నోరు తిరుగకపోవచ్చును. అయినను సాక్ష్యధర్మము మన కెఱుకయే. పంచాయతీలో సాక్షిని మన మేమడుగుదుము? చూచితివా, ఎక్కడనుండి చూచితివి, ఎప్పుడు చూచితివి, వారితో నీకు పగ గాని పొత్తు గాని కలదా యని. మీ మనుమడు నక్షత్రములు వేయబోవునప్పుడు వానిని ప్రేమతో ఇట్లే యడుగుడు: "నాయనా, ఎన్ని గంటలాడితివి? ఏ యంత్రముపై ఆడితివి? నచ్చనిది ఆటలోని తప్పా, నీకు చేతకానిదా? ఎవరైన ఏమైన ఇత్తుమనిరా? ఈ యాట ఎవరికి తగును, ఎవరికి తగదు?" ఈ ప్రశ్నలకు జవాబులు రెండు మూడు వాక్యములలో వ్రాసి, చివరను అంకె వేయుమనుడు. అప్పుడు అంకె తప్పినను వాక్యములు కొనువానికి దారి చూపును.

ముక్కు మొగ మెఱుగని యొక బాలుడు, తండ్రి యిచ్చిన సొమ్ము చేత బట్టుకొని, ఆ మాటలు చదివి కొనవలెనా వలదా యని యెంచుచుండును. వానికి సత్యము చెప్పుట చిన్న ధర్మమే కావచ్చును. కాని చిన్నతనమున అలవడిన సత్యమే పెద్దతనమున పెద్ద సాక్ష్యములలో నిలుచునని నా నమ్మకము.