ఆటగాని వెల ఎట్లా కడతారు?

సంతలో కోడెదూడను కొనే రైతు, అది ఈ పొద్దు ఎంత బరువు లాగుతుందని అడగడు. కాళ్లు, గిట్టలు, నడక చూసి రేపటి బలాన్ని అంచనా కడతాడు. చిన్న వయసు ఆటగాళ్లను తీసుకొనే జట్లదీ ఇదే లెక్క.

బాస్కెట్‌బాల్‌లో మొదట చూసేది ఎత్తు. పంజాబు కుర్రాడు సత్నామ్ సింగ్ 7 అడుగుల 2 అంగుళాలు. 2015లో అమెరికాలోని ఎన్.బి.ఎ. లీగుకు డల్లాస్ జట్టు అతన్ని 52వ వాడుగా ఎంచుకుంది. అయినా ఆ లీగులో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అంతకు ముందేడు 41వ వాడుగా ఎంపికైన సెర్బియా కుర్రాడు నికోలా యోకిచ్ మాత్రం మూడుసార్లు ఉత్తమ ఆటగాడైనాడు. ఎత్తును టేపుతో కొలవొచ్చు. నేర్చుకొనే గుణాన్ని కొలిచే టేపు లేదు.

మన జిల్లా సంగతే చూడండి. ఎర్రగుంట్ల వైపు అమ్మాయి శ్రీచరణి క్రికెట్‌ను గట్టిగా పట్టుకున్నది పదహారేళ్లప్పుడు. 2024 డిసెంబరు వేలంలో ఆమె పాట 10 లక్షల దగ్గర మొదలైంది, ఢిల్లీ జట్టు 55 లక్షలకు తీసుకుంది. 2025 ప్రపంచకప్‌లో 14 వికెట్లు తీసింది. ఆ నవంబరులో అదే జట్టు 1.30 కోట్లు పెట్టింది. ఆట ముందు పెరిగింది, వెల వెనకాల వచ్చింది.

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటారు. ఆలస్యంగా పూసే చెట్లూ ఉన్నాయి కదా! ఒకే తరగతిలో ముందే ఎదిగినవాళ్లు ఈ ఏడు గెలుస్తారు, వెనక ఎదిగేవాళ్లు పైయేడు దాటిపోవచ్చు. కాబట్టి వార్డెన్ సార్లకు మనవి: జట్టు ఎంపికలో పొట్టివాళ్లని ఎవరినీ కొట్టేయకండి. ఏడాది ఆడనిచ్చి మళ్లీ చూడండి.