పేరు లేని బొమ్మలకు ఊరు చెప్పేదెవరు?

హార్డ్‌డిస్కుల్లో పోగుపడుతున్న ఛాయాచిత్రాలు, వీడియోలు.. కావలసినప్పుడు దొరికేలా అమర్చుకునే విధానం ఇదీ

ఆదిలాబాద్/కరీంనగర్: దీపావళి వచ్చిందంటే ఆదిలాబాద్ గూడేలలో గుస్సాడీ ఆటను సెల్‌ఫోన్లలో బంధించేవారికి కొదవ ఉండదు. పెళ్లిళ్లు, ఒగ్గు కథలు, జాతర్ల దృశ్యాలతో కరీంనగర్, జగిత్యాల ఫొటో స్టూడియోల హార్డ్‌డిస్కులు నిండిపోతున్నాయి. ‘న్యూ ఫోల్డర్ 2’, ‘ఫైనల్’, ‘ఫైనల్ లాస్ట్’ అన్న పేర్లతో పేరుకుపోయిన ఆ రాశిలో పదేళ్ల తర్వాత ఒక వృద్ధుడి ముఖం కావాలంటే దొరకడం గగనమే. దొరికినా ఆయన ఎవరో చెప్పేవారు అప్పటికి ఉంటారన్న భరోసా లేదు. మార్లవాయికి చెందిన గుస్సాడీ గురువు, 2021లో పద్మశ్రీకి ఎంపికైన కనకరాజు 2024 అక్టోబరులో కన్నుమూశారు. పాత చిత్రాన్ని చూసి ఫలానా వాడు, ఫలానా గూడెం అని గుర్తుపట్టగల తరం తరిగిపోతోంది.

మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1940లలో ఇదే మార్లవాయిలో నివసించి రాజ్‌గోండుల జీవనాన్ని కెమెరాలో నిక్షిప్తం చేశారు. ఆ ఛాయాచిత్రాలు నేడు లండన్‌లోని స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్‌లో డిజిటల్ రూపంలో ఉన్నాయి. బొమ్మ వెంట వివరం కూడా నిలిచింది కనుకనే అవి ఇప్పటికీ ఉపయోగపడుతున్నాయి. మన చేతిలోని ఫోన్ అంతకన్నా మంచి బొమ్మ తీస్తుంది. వివరం మాత్రం రాసేవారు లేరు.

పహాణీ ఒకటి, 1-బీ ఒకటి

చిక్కంతా ఫోల్డర్‌తోనే. ఒక దండారి చిత్రాన్ని ఊరి పేరున్న ఫోల్డర్‌లో పెట్టాలా, పండుగ పేరున్న దానిలోనా, ఆడిన మనిషి పేరుతోనా? ఏదో ఒకచోటే పెట్టగలం. రెండు మూడు చోట్ల నకళ్లు పెడితే ఏది అసలో కొన్నాళ్లకు మనకే తెలియదు. రైతులకు తెలిసిన ఉపమానం ఒకటుంది. పహాణీలో భూమి సర్వే నంబరు వరుసలో కనిపిస్తుంది. 1-బీలో అదే భూమి పట్టాదారు వారీగా కనిపిస్తుంది. రిజిస్టర్లు రెండైనా భూమి కదలదు. కంప్యూటర్‌లోనూ బొమ్మను ఒకచోటే ఉంచి, దానికి ఊరు, పండుగ, మనుషుల పేర్లను ‘ట్యాగులు’గా జోడిస్తే ఎన్ని వరుసల్లోనైనా చూడవచ్చు. ఈ వరుసనే ‘వ్యూ’ అంటారు. ‘మార్లవాయి, దండారి, 2010కి ముందు’ అని ఒకసారి వెతికి ఆ వెతుకులాటను భద్రపరిస్తే చాలు. ఇకపై చేర్చే చిత్రాలలో ఆ ట్యాగులు, ఆ కాలం కలిసినవి వాటంతట అవే అందులోకి వస్తాయి.

జిల్లా మారింది.. ఫోల్డర్ మారలేదు

2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగింది. ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది. కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల ఏర్పడ్డాయి. మార్లవాయి నేడు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోనిది. జిల్లాల వారీగా ఫోల్డర్లు చేసుకున్నవారి శ్రమ ఆ ఒక్క రోజుతో చెదిరింది. అందుకే ఫోల్డర్లకు సంవత్సరం, నెల మాత్రమే పేరుగా పెట్టడం క్షేమం. అవి ఏ ప్రభుత్వ ఉత్తర్వుతోనూ మారవు. పాత జిల్లా, కొత్త జిల్లా రెండింటినీ ట్యాగులుగా ఇవ్వాలి.

మధ్య మానేరు ముంపు గ్రామాల సంగతి ఇంకా సున్నితం. రుద్రవరం, అనుపురం వంటి ఊళ్లు నీటిపాలయ్యాయి. అవే పేర్లతో పునరావాస కాలనీలు వెలిశాయి. ‘రుద్రవరం’ అని మాత్రమే రాస్తే మునిగిన గడపా, కొత్త కాలనీ గడపా అన్నది రేపటి మనవడికి తెలియదు. ‘పాత రుద్రవరం’ అని విడిగా ట్యాగు ఉండాల్సిందే. ఆ వీధులను మళ్లీ ఎవరూ ఫొటో తీయలేరు.

పేరు బొమ్మతోనే ఉండాలి

ఇందుకు డిజికామ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. యూనికోడ్ తెలుగులోనే ట్యాగులు రాయవచ్చు. డీటీపీ సెంటర్ల అను ఫాంట్లలో టైపు చేసిన పేర్లు వేరే కంప్యూటర్‌లో అర్థంలేని అక్షరాలుగా మారతాయి కనుక వాటి జోలికి పోరాదు. నార్నూర్ మండలం గుంజాలలో 2006లో వెలుగుచూసిన గోండి లిపికి సైతం 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది.

సెట్టింగ్‌లలోని మెటాడేటా విభాగంలో, ట్యాగులు ఫైలులోనే రాయాలన్న చోట టిక్కు ఉందో లేదో తప్పక చూసుకోవాలి. లేకుంటే వివరమంతా సాఫ్ట్‌వేర్ సొంత జాబితాలో మిగిలిపోతుంది. ఎందరో నమ్ముకున్న పికాసాను గూగుల్ 2016లో నిలిపివేసినప్పుడు ఇదే జరిగింది: ఫొటోలు మిగిలాయి, ఆల్బమ్‌ల కూర్పు చెదిరింది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో నాణ్యత తగ్గడమే కాక, అందులోని వివరాలూ తొలగిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే అలాగే చేరుతుంది. కెమెరా తేదీ తప్పుగా ఉండటం మామూలే కాబట్టి తేదీని సరిచూడటం మరువరాదు.

కొన్ని పూజలు వంశస్థులు మాత్రమే చూడదగినవి. వాటిని ఒక వ్యూ నుంచి తప్పిస్తే కనిపించవు కానీ, వ్యూ తాళం కాదు. ఫైలు అక్కడే ఉంటుంది. అటువంటివి వేరే డిస్కులో పెద్దల వద్దనే ఉంచడం మర్యాద.

అన్నింటికన్నా అక్కరకొచ్చే వ్యూ ‘ట్యాగులు లేనివి’. ఆ వరుసను ల్యాప్‌టాప్‌లో తెరిచి, గూడెం పటేల్ ముందు, కాలనీ అరుగు మీది ముసలమ్మ ముందు పెట్టాలి. వారు చెప్పిన పేరు అక్కడికక్కడే టైపు చేస్తే ఆ బొమ్మ వరుసలోంచి జారిపోతుంది. ఈ ఏటి దండారికి గూడేలకు వెళ్లేవారు కెమెరాతోపాటు ఆ ల్యాప్‌టాప్‌నూ వెంట తీసుకెళ్లవచ్చు.