తగవు తీర్చే విజ్ఞానం

విజయవాడ వద్ద ప్రకాశం బ్యారేజీ నుండి బయలుదేరిన కృష్ణా కాలువలు గుడివాడ, మచిలీపట్నం ప్రాంతాలను తడుపుతాయి. పులిగడ్డ అక్విడక్టు మీదుగా దివిసీమకూ చేరుతాయి. ఎగువ పొలాలకు ముందుగా నీరందుతుంది. శివారు పొలాలకు చివరగా అందుతుంది. వరి పొట్టదశలో నీరు కరవైతే శివారు రైతు శ్రమ అంతా ఎండిపోతుంది. అందువల్లనే తూముల వద్ద మాటామాటా పెరిగి తగవులు పుడతాయి.

అటువంటి వేళ మనిషి మెదడులో ఏమి జరుగుతుంది? మెదడు లోపల బాదంపప్పు ఆకారంలో ‘అమిగ్డలా’ అనే భాగం ఉన్నది. ప్రమాదాన్ని పసిగట్టి శరీరాన్ని హెచ్చరించడంలో దానిది ముఖ్యపాత్ర. ఎదుటివాని గద్దింపును కూడా అది ప్రమాదంగానే గ్రహించవచ్చు. అప్పుడు అడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది. వివేచనకూ, నిగ్రహానికీ ఆధారమైన నుదుటి వెనుక భాగం పట్టు సడలుతుంది. ఆ భాగాన్ని ‘ప్రీఫ్రంటల్ కార్టెక్స్’ అంటారు. ఆ స్థితిలో ఎంత న్యాయమైన మాటయినా చెవికెక్కదు.

అవమానమూ అంతే. 2003లో నవోమీ ఐసెన్‌బర్గర్ బృందం అమెరికాలో ఒక ప్రయోగం చేసింది. కంప్యూటరు బంతి ఆటలో తనను వెలివేశారని తెలిసిన వ్యక్తి మెదడులో, శారీరక బాధకు సంబంధించిన ఒక ప్రాంతం చురుకైనట్లు గమనించింది. చిత్రాల ముఖాలలోని ఉద్వేగానికి పేరు పెట్టి చెప్పినప్పుడు అమిగ్డలా ఉద్ధృతి తగ్గుతుందని 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం తెలిపింది.

ఊరి పెద్దలు అనుభవంతో పాటించిన పద్ధతులకు ఈ పరిశోధనలు కొంత అర్థం చెబుతాయి. ఉభయులనూ కూర్చోబెట్టడం, ఒకరి తరువాత ఒకరిని పూర్తిగా చెప్పనివ్వడం, అవసరమైతే మరునాటికి వాయిదా వేయడం, ఇవన్నీ కోపం చల్లారడానికి వ్యవధినిస్తాయి. “చేను ఎండిపోతుందని నీ భయం, అంతేనా?” అని మధ్యవర్తి అడిగితే, ఆ రైతు తన గోడు విన్నారని ఊరట చెందుతాడు. ఆ తరువాతనే వంతుల లెక్క మాట్లాడడం సాధ్యం.

సభ్యుల నీటి తగవులను పరిష్కరించే బాధ్యతను 1997 నాటి చట్టం నీటి వినియోగదారుల సంఘాలకు అప్పగించింది. లోక్ అదాలత్‌లకు 1987 నాటి న్యాయ సేవల చట్టం, మధ్యవర్తిత్వానికి 2023 నాటి చట్టం ఆధారాలు.

అయితే ఎవరి వంతు ఎంతో మెదడు శాస్త్రం నిర్ణయించదు. బలహీనుని నోరు నొక్కి సాధించిన నిశ్శబ్దం శాంతి కాదు. ఆవేశం తగ్గిన తరువాత శివారు చేనుకు నీరు చేరినప్పుడే ఆ తగవు తీరినట్లు.