ఫైనల్ ఎగ్జిట్‌కు ముందు ఒక ప్రశ్న: ఊళ్లో పొలం ఎవరి పేరు మీద ఉంది?

నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి, కామారెడ్డి వైపు మన వాళ్లలో గల్ఫ్ ముఖం చూడని ఇల్లు వెతికితే గానీ దొరకదు. 1990 ప్రాంతంలో పాతికేళ్ల వయసులో సౌదీకో దుబాయికో పోయినవాళ్లు ఇప్పుడు అరవైకి చేరారు. ఇఖామా రెన్యువల్ కాదు, కంపెనీ ఇక చాలంటుంది, మోకాళ్లు కూడా అదే మాటంటాయి. సామాను కట్టుకుని వాపస్ వస్తారు. వచ్చిన కొన్ని నెలలకే కొన్ని ఇళ్లలో గొడవ మొదలవుతుంది. తెచ్చిన డబ్బు అయిపోయిందని కాదు, ముప్పై ఏళ్లు పంపిన డబ్బుతో కొన్న భూమి తన పేరు మీద లేదని.

ఇలా ఎందుకవుతుంది? తమ్ముడి మీద నమ్మకం ఒక కారణం. రెండోది చట్టం. విదేశాల్లో ఉద్యోగం చేస్తున్నవాళ్లు, అంటే ఎన్ఆర్ఐలు, మన దేశంలో ఇల్లు, ఇంటి ప్లాటు కొనుక్కోవచ్చు. వ్యవసాయ భూమి మాత్రం కొనకూడదని విదేశీ మారక చట్టం, అదే ఫెమా, చెబుతుంది. విరాసత్‌లో వస్తే తీసుకోవచ్చు, వెళ్లకముందే ఉన్న పొలాన్ని ఉంచుకోవచ్చు. అందుకే పోచారం కాలువ కింద రెండెకరాలు అమ్మకానికి వచ్చాయని ఫోన్ రాగానే అన్న డబ్బు పంపుతాడు, పట్టా తమ్ముడి పేరునో అబ్బా పేరునో అవుతుంది.

ఇక్కడే బేనామీ చట్టం అడ్డు వస్తుంది. డబ్బు ఒకరిది, పేరు ఇంకొకరిది అయితే అది బేనామీ. 'అది నా డబ్బుతో కొన్నదే, నాకు ఇప్పించండి' అని దావా వేసే హక్కును 1988 నాటి ఈ చట్టం తీసేసింది. 2016 సవరణ దీన్ని ఇంకా గట్టి చేసింది, సర్కారు అలాంటి ఆస్తిని జప్తు కూడా చేసుకోవచ్చు. మినహాయింపులు కొన్నే. భార్య పేరున, పిల్లల పేరున సక్రమమైన సంపాదనతో కొంటే బేనామీ కాదు. తోబుట్టువులు, తల్లిదండ్రుల విషయంలో మాత్రం పత్రంలో మీ పేరు కూడా ఉమ్మడి యజమానిగా ఉండాలి. పంపిన డబ్బు రసీదులు ముప్పై ఏళ్లవి దాచిపెట్టినా, పట్టా ఒక్క తమ్ముడి పేరునే ఉంటే పని కష్టమే. ఏదైనా దారి ఉందా అన్నది కాగితాలు చూసి వకీలే చెప్పాలి.

'అబ్బా పేరు మీదే కదా, ఎక్కడికి పోతుంది' అంటారు కొందరు. లెక్క వేసి చూద్దాం. అబ్బా చనిపోయేనాటికి అమ్మీ, ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు ఉన్నారనుకోండి. షరీఅత్ ప్రకారం అమ్మీకి ఎనిమిదో వంతు. మిగిలింది కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. అంటే ఒక్కో కొడుక్కి 32లో 7 వంతులు, నూటికి 22 కూడా నిండదు. మొత్తం డబ్బు కట్టిన కొడుకుకూ అంతే, ఊళ్లో కూర్చున్న కొడుకుకూ అంతే. అందులో తప్పు పట్టడానికేం లేదు, అబ్బా పేరున ఉన్నది అబ్బా ఆస్తే. తమ్ముడి పేరున ఉంటే ఇంకా కష్టం. తమ్ముడికి కొడుకులుంటే అతని తర్వాత అది భార్యాపిల్లలది, అన్నకు విరాసత్‌లో పైసా రాదు.

ఇంకా అక్కడే పనిచేస్తున్నవాళ్లకు తేలిక దారి ఒకటుంది. పొలం ఊళ్లో ఉంటున్న భార్య పేరున కొనడం. ఆమె ఇక్కడే ఉంటుంది కాబట్టి ఫెమా అడ్డు రాదు, బేనామీ కూడా కాదు. దీనికి ముఖం చిట్లించే అన్నలున్నారు. నిజమే, ఆమె పేరున ఉన్నది ఆమెదే, షరీఅత్‌లోనూ చట్టంలోనూ. కానీ ముప్పై ఏళ్లు ఒంటరిగా ఇల్లు నడిపిన మనిషికి రెండెకరాలు ఎక్కువా? ఇంటి ప్లాటు అయితే నేరుగా మీ పేరునే కొనవచ్చు. రాలేకపోతే ఇండియన్ ఎంబసీలో పవర్ ఆఫ్ అటార్నీ రాయించి పంపండి.

తమ్ముడు మంచివాడై తిరిగి ఇస్తానంటే ఆలస్యం చేయొద్దు. నోటిమాట హిబా షరీఅత్‌లో చెల్లుతుంది: ఇచ్చానని చెప్పాలి, తీసుకున్నానని చెప్పాలి, భూమి చేతికి అప్పగించాలి. అయితే పట్టాదారు పాస్‌బుక్‌లో పేరు మారాలంటే తహసీల్ ఆఫీసులో గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ చేయించుకోవాలి. వ్యవసాయ భూమి గనుక మీరు శాశ్వతంగా వచ్చేశాకే ఈ పని. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది, ఏ సర్వే నంబరు ఎవరి పేరున ఉందో అందులో చూసుకోవచ్చు. సెలవుకు వచ్చినప్పుడు దావత్‌లతో పాటు ఈ పని కూడా పెట్టుకోండి.

ఇక అక్కడి నుంచి వచ్చే సర్వీసు డబ్బు. యూఏఈలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులది. బేసిక్ 1000 దిర్హాములున్నవాడు 20 ఏళ్లు చేస్తే 18,500 దిర్హాములు, మన డబ్బుల్లో నాలుగు లక్షల పైచిలుకు. సౌదీలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి సగం నెల, తర్వాత నెల జీతం. పదేళ్లు నిండకుండా రాజీనామా చేస్తే అక్కడ కోత పడుతుంది. ఆజాద్ వీసా మీద ఉన్నవాళ్లకు లెక్క అడగడానికి అసలు యజమానే ఉండడు. విమానం ఎక్కాక ఈ డబ్బు వసూలు చేయడం చాలా కష్టం, కాబట్టి హిసాబ్ చేతికి వచ్చాకే సంతకం పెట్టండి. వచ్చాక బ్యాంకులో చెప్పి ఎన్ఆర్ఈ ఖాతాను మామూలు ఖాతాగా మార్చుకోవాలి.

సర్కారు నుంచి ఏమొస్తుందని అడిగితే, గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి 5 లక్షలు ఇవ్వాలని తెలంగాణ ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. బతికి తిరిగొచ్చినవాళ్లకు కేరళలో సంక్షేమ బోర్డు ఉంది, చందా కట్టినవారికి 60 తర్వాత నెల నెలా పింఛను వస్తుంది. కేంద్రం 2012లో వలస కార్మికుల కోసం పెట్టిన పింఛను పథకం 2017లో మూతపడింది. మన దగ్గర ఇప్పటికి దొరికేది ఆరోగ్యశ్రీ, 70 నిండితే ఆయుష్మాన్ కార్డు, అర్హత ఉంటే 2016 రూపాయల ఆసరా. బీడీలు చుట్టిన కొందరు అమ్మీలకు ఆ పింఛను ముందే వస్తోంది. ముప్పై ఏళ్లు రియాళ్లు పంపిన మనిషి వచ్చి చూస్తే, ఇంట్లో నెల నెలా తప్పకుండా వచ్చే ఆదాయం అదొక్కటే.